రిపీటర్‌కి నోరుంది సరే, చెవులున్నాయా?

హేతువాదం అంటే దేవుడు లేడని వాదించడమేనని అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. నా దృష్టిలో అది ఇంకా చిన్న విషయాల దగ్గరే మొదలవుతుంది. "ఇది పనిచేస్తోందని నీకెలా తెలుసు?" అన్న ప్రశ్నకి తాయెత్తు కట్టేవాడు తడబడటం మనకి మామూలే. స్క్రూడ్రైవర్ పట్టుకున్న టెక్నీషియన్ కూడా ఒక్కోసారి అంతే తడబడతాడు. హామ్ రేడియో రిపీటర్‌లో డూప్లెక్సర్‌ని ట్యూన్ చేసే పని ఇందుకు మంచి ఉదాహరణ.

రిపీటర్ అంటే కొండ మీదో ఎత్తైన భవనం మీదో పెట్టే స్టేషన్. దూరంగా ఉన్న చిన్న చేతి సెట్ పంపే బలహీనమైన సంకేతాన్ని విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా తిరిగి చెబుతుంది. రెండు మీటర్ల బ్యాండ్‌లో ఈ రెంటి మధ్య తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. ఉదాహరణకి 145.000 మెగాహెర్ట్జ్ మీద వింటూ 145.600 మీద మాట్లాడుతుంది. చాలాచోట్ల రెండు పనులకీ ఒకటే యాంటెన్నా.

చిక్కంతా అక్కడే. ట్రాన్స్‌మిటర్ 25 వాట్లు పంపుతోందనుకుందాం. రిసీవర్ వినాల్సిన సంకేతం 0.2 మైక్రోవోల్టులు. ఈ రెండు శక్తుల నిష్పత్తి సుమారు 3 పక్కన 16 సున్నాలు! పెళ్లిపందిట్లో లౌడ్‌స్పీకర్ పక్కన నిలబడి వీధి చివరి గుసగుస వినమన్నట్టు ఉంటుంది.

ఈ పని చేసిపెట్టేదే డూప్లెక్సర్. సాధారణంగా ఇది నాలుగో ఆరో పొడవాటి లోహపు డబ్బాల వరస. రిసీవర్ వైపు డబ్బాలు 145.000ని రానిచ్చి 145.600ని ఆపాలి. ట్రాన్స్‌మిటర్ వైపువి 145.600ని పోనిచ్చి, ట్రాన్స్‌మిటర్ నుంచి 145.000 దగ్గర వచ్చే రొదని ఆపాలి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. కానీ వినాల్సిన ఫ్రీక్వెన్సీ మీదే వచ్చి పడే రొదని రిసీవర్లో ఏ ఫిల్టరూ తీసెయ్యలేదు. అడ్డు సుమారు 85 డెసిబెళ్లు ఉండాలి, అంటే ముప్పై కోట్లకి ఒక వంతు మాత్రమే దాటి రావాలి.

మరి ట్యూనింగ్ ఎలా చేస్తారు? పవర్ మీటర్ పెట్టి, ముల్లు బాగా పైకి లేచేదాకా కడ్డీలు జరుపుతారు. ఎస్.డబ్ల్యు.ఆర్. ఒకటికి దగ్గరగా వస్తే "అయిపోయింది" అంటారు. ఆ ముల్లు చెప్పేది 145.600 బాగా పోతోందని మాత్రమే. 145.000 దగ్గర రొద ఆగిందా లేదా అన్న సంగతి దానికి తెలియదు. ఎస్.డబ్ల్యు.ఆర్. సంగతీ అంతే. డమ్మీ లోడ్ అనే నిరోధకాన్ని తగిలించినా అది ఒకటే చూపిస్తుంది. డమ్మీ లోడ్‌తో ఎవరైనా పక్క ఊరికి మాట్లాడగలరా? మనకి నచ్చిన జవాబునే ఇచ్చే కొలతని ఎంచుకోవడం జాతకాల్లోనే కాదు, వర్క్‌షాపులోనూ జరుగుతుంది.

అసలు పరీక్ష వేరే ఉంది. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టి, కప్లర్ ద్వారా సిగ్నల్ జనరేటర్ నుంచి అతి బలహీనమైన సంకేతం ఇవ్వాలి. ట్రాన్స్‌మిటర్ ఆపి ఉంచి, మాట రొదలో మునిగేముందు ఆగాలి. అప్పుడు ట్రాన్స్‌మిటర్ వెయ్యాలి. రొద పెరిగితే, మళ్లీ మొదటిలాగే వినపడటానికి జనరేటర్ని ఎన్ని డెసిబెళ్లు పెంచాల్సి వచ్చిందో అంత చెవుడన్న మాట. 6 డెసిబెళ్లు పెరిగితే, అడ్డంకుల్లేని దారిలో వినగలిగే దూరం సగమైపోతుంది. డమ్మీ లోడ్ మీద బాగుండి, యాంటెన్నా పెట్టగానే చెవుడు వస్తే డబ్బాల తప్పు కాదు. కేబుల్నో, కనెక్టర్నో, టవర్ మీద తుప్పు పట్టిన అతుకునో చూడాలి. ట్రాన్స్‌మిటర్ స్విచ్ ఒకరు వేస్తూ తీస్తూ ఉంటే, అది చూడకుండా మరొకరు విని రాసుకోవడం ఇంకా మంచిది. 1963లో శ్రీలంకలో అబ్రహాం కోవూర్ లక్ష రూపాయల సవాలుకి పెట్టిన షరతు కూడా ఇలాంటిదే: మోసానికి తావులేని పరిస్థితుల్లో చేసి చూపించాలి. మనం మన చెవుల చేత మోసపోకుండా చూసుకోవడం కూడా అందులో భాగమే.

పరికరాన్ని కూడా ప్రశ్నించాలి. ఇప్పుడు నానోవీఎన్ఏ చవకగా దొరుకుతోంది, సంతోషం. కానీ మామూలు రకం ఈ ఫ్రీక్వెన్సీల్లో సుమారు 70 డెసిబెళ్ల లోతుదాకానే చూడగలదు. 85 ఉందో లేదో దానితో నేరుగా తేలదు. కేబుళ్లు విప్పి, రెండు పోర్టులకీ 50 ఓమ్ల లోడ్లు పెట్టి చూడండి. అప్పుడు కూడా అదే అంకె కనిపిస్తే, మీరు కొలిచింది డూప్లెక్సర్ని కాదు, పరికరం చూపు ఆగే చోటుని! అందుకే డబ్బాలని ఒక్కొక్కటిగా ట్యూన్ చేసి, చివర్లో చెవుడు పరీక్షతో తేల్చుకోవాలి.

"మా పెద్దాయన చెయ్యి పడితే చాలు, మీటర్లెందుకు?" అనేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. అనుభవాన్ని నేను కాదనను. కడ్డీని ఎంత మెల్లగా తిప్పాలో, నట్టు బిగిస్తే ఎంత జరుగుతుందో చేతికే తెలుస్తుంది. అయితే ఆ చెయ్యి మంచిదైతే అంకెల్లో కనపడాలి కదా! పైగా డబ్బాలకి పెద్దల మీద గౌరవం ఉండదు. లోపలి కడ్డీ ఇత్తడిదైతే, వేడి 30 డిగ్రీలు పెరిగేసరికి ట్యూనింగ్ దాదాపు 80 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. అందుకే మంచి డబ్బాల్లో వేడికి చాలా తక్కువగా సాగే ఇన్వార్ కడ్డీ వాడతారు. జనవరిలో పెద్దాయన చేసిన ట్యూనింగ్ మే నెలలో నిలిచిందో లేదో పెద్దాయన చెప్పలేరు, మళ్లీ కొలిస్తేనే తెలుస్తుంది.

ఇదంతా అభిరుచి వ్యవహారం, ఇంత పట్టింపు ఎందుకంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. మళ్లీ అలాంటి రోజు వస్తే, ఊరి చివర బ్యాటరీ అయిపోతున్న సెట్‌తో ఒకరు పిలుస్తారు. చెవుడున్న రిపీటర్ ఆ పిలుపుని వినదు. విననిదాన్ని తిరిగి చెప్పదు, ఫిర్యాదు కూడా రాదు. దగ్గర్లో ఉన్నవాళ్లకి మాత్రం "అబ్బ, ఎంత గట్టిగా వినపడుతోందో!" అనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి ప్రతి క్లబ్బూ ట్యూనింగ్ తేదీ, ఆనాటి ఉష్ణోగ్రత, నష్టం ఎంత, అడ్డు ఎంత, చెవుడు ఎంత అన్న అంకెలు రాసి డబ్బాల మీదే అతికించాలి. ఏ సభ్యుడైనా మళ్లీ కొలిచి "ఇది తప్పు" అనగలగాలి. డబ్బాల మీద పసుపూ కుంకుమా పెట్టుకుంటారో లేదో మీ ఇష్టం. అంకెలు మాత్రం రాయండి.