పాత ట్రాక్టరు, చిత్రకారుని రేఖ

ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున 1946 మొదలు 1956 వరకు ఐదు లక్షలకు పైగా నిర్మింపబడి, హ్యారీ ఫెర్గుసన్ రూపొందించిన మూడుచోట్ల బిగించు హైడ్రాలిక్ అమరికచే నాగలిని ట్రాక్టరుతో ఏకాంగము గావించిన టీఈ-20 అను బూడిదవన్నె యంత్రమును చిత్రింపబూనిన కళాకారుడు, ఛాయాచిత్రమును ముందిడుకొని గీసినచో, ఆకారము మాత్రమే అతనికి దక్కును.

దానిని విప్పి, తుప్పు రాల్చి, మరల కూర్చిన సంగ్రాహకుని చెంత కూర్చున్నపుడే, ఏ మీట చేతిరాపిడికి నునుపెక్కినదో, ఏ రేకు ఏ పొలమున సొట్టపడినదో తెలియవచ్చును. నాకు మిక్కిలి ప్రియమైనది ఆ సొట్టయే. కొత్తరంగు పూసి దానిని మాపువారి శ్రద్ధను గౌరవింతును గాని, వారి నిర్ణయమును అంగీకరింపజాలను. ఇట్టి గురుతులు రేకులపైననే గాక మనుషుల జ్ఞాపకమునను నిలుచును: ఫీల్డ్ మార్షల్ అను ఏకసిలిండరు డీజిలు ట్రాక్టరు ఇంజనును తూటా పేల్చి నడిపింప మొదలిడు విధానమును స్వహస్తముల నెరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. చిత్రకారులారా, వారు జీవించియుండగనే వెళ్లి, వారి మాటలు విని, గీయుడు.