టైపు చేయడం రాక కాదు

ఖతార్ ఆఫీసుల్లో హెల్ప్‌డెస్క్ టికెట్టు మూసేటప్పుడు అలవాటుగా రాసే మాటలు రెండున్నాయి: యూజర్ ఎర్రర్. పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు, అకౌంట్ లాకయింది, తెరిచాం, అయిపోయింది. ఈ రెండు మాటల మీదే నా గొడవ.

దోహాలో అమ్మే కీబోర్డు మీద మామూలుగా ఒక్కో మీటకి రెండు అక్షరాలుంటాయి, ఒకటి ఇంగ్లీషు, ఒకటి అరబ్బీ. హెచ్ మీటనే తీసుకోండి. దాని మీదే అరబ్బీ అలిఫ్ ఉంటుంది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ ప్రకారం అదే మీట తెలుగులో 'ప'. మీటకి అక్షరం పుట్టుకతో రాదన్నమాట. నొక్కినప్పుడు కంప్యూటరుకి అందేది 35 అనే సంఖ్య. దాన్ని ఏ అక్షరంగా చదవాలో చెప్పే పట్టిక పేరే లేఅవుట్.

ఎదురుగా ఉన్న కంప్యూటర్లోనే పనిచేస్తే పట్టిక ఒక్కటే. కానీ ఇప్పుడు చాలా కంపెనీల పని ఎక్కడో సర్వరు మీది వర్చువల్ మెషీన్లో నడుస్తుంది. మన ముందున్నది దాని బొమ్మ. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా మీట సంఖ్యనే అక్కడికి పంపుతుంది, చదివే పట్టిక అక్కడిది. పైగా సెషన్ మొదలయ్యేటప్పుడు మన వైపు లేఅవుట్‌ని కూడా మోసుకెళ్ళి అక్కడ దించుతుంది. ముందు షిఫ్టులో ఈజిప్టాయన అరబ్బీలో ఉత్తరం రాసి లేచాడనుకోండి. తర్వాత కూర్చున్న జగిత్యాల టైమ్‌కీపరు తన పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాడు. పడేవి అరబ్బీ అక్షరాలు, కనిపించేవి నల్ల చుక్కలు. చుక్కకి భాష ఉండదు కదా! బ్రిటిష్ లేఅవుట్ అయితే ఇంకా మాయ. అక్షరాలన్నీ సరిగ్గానే పడతాయి, 2 మీద షిఫ్ట్ కొడితే మాత్రం ఎట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు వస్తుంది. పాస్‌వర్డులో ఇలాంటి గుర్తొకటి ఉండి తీరాలని నియమం పెట్టిందేమో వీళ్ళే.

మందు లేదా అంటే ఉంది, పాతదే. సర్వరు రిజిస్ట్రీలో ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్ అనే విలువ చేర్చి 1 పెడితే, అది మన వైపు లేఅవుట్‌ని నెత్తికెత్తుకోవడం మానేస్తుంది. కావలసిన లేఅవుట్లు అక్కడే చేర్చి, ఏది నడుస్తోందో చూపే గుర్తుని లాగిన్ తెర మీద కనబడనిస్తే సగం టికెట్లు పుట్టనే పుట్టవు. వీఎన్‌సీ దారి వేరు. అందులో చాలాసార్లు సంఖ్య కాక అక్షరమే పోతుంది, అవతల దాన్ని తిరిగి మీటగా మార్చుకోవాలి. అందుకని రెండు వైపులా ఒకే లేఅవుట్ ఉంచడం క్షేమం. ఇదంతా ఒక పూట పని.

మరి ఎందుకు జరగదు? బాధ పడేవాడికి నోరు లేదు గనుక. ఖతార్‌లో పనివారం ఆదివారం మొదలవుతుంది. సపోర్టు హైదరాబాదు నుంచి అయి, అక్కడ ఆదివారం సెలవైతే, మనవాడు సోమవారం దాకా సూపర్‌వైజరు ముందు చేతకానివాడిలా నిలబడాలి. ఆ అడ్మినిస్ట్రేటరు చాలాసార్లు మన తెలుగువాడే. నాకు ఎక్కువ మండేది ఇక్కడే. అన్నా, తెలుగు కూడా పెట్టవా అని అడిగితే ఆఫీసులో తెలుగెందుకు, సెక్యూరిటీ ఒప్పుకోదు అంటాడు. ఏం సెక్యూరిటీ? తెలుగు లేఅవుట్ 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చింది. ఎవరి దగ్గరా దించుకోనక్కర్లేదు, ఉన్నదాన్ని తెరవడమే.

ఎందుకో కూడా చెబుతాను. 2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. పనివేళలు కూలీలకి అర్థమయ్యేలా తెలపాలి. అరబ్బీ ఆ దేశపు భాష, ఉండాల్సిందే. ఇంగ్లీషు కంపెనీది. మరి ఆ ఎండలో నిలబడే నిజామాబాదు మనిషికి? టైమ్‌కీపరు ఆ వర్చువల్ మెషీన్లో తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి గోడకి అంటిస్తాడు. చదవాల్సిన వాళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు రానివాళ్ళున్నారు, వాళ్ళకి తెలుగు చదవడం మాత్రం వచ్చు.

హైదరాబాదులో, దోహాలో ఆ కుర్చీల్లో కూర్చున్న తమ్ముళ్ళూ, ఈసారి టికెట్టు వచ్చినప్పుడు ఏ లేఅవుట్ నడుస్తోందో ముందు చూడండి. తర్వాత సర్వరు సరిచేయండి. తెలుగు చేర్చండి. కారణం గడిలో యూజర్ ఎర్రర్ కొట్టేసి, మీరు చేయని సెట్టింగు పేరు రాయండి.