పంచుకొన్నకొలది పెరుగు సొత్తు

1859వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన ఇంగ్లండులో రిచర్డు కారింగ్టన్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యబింబముపైని మచ్చలను చిత్రించుచుండెను. తటాలున ఆ మచ్చల నడుమ కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని వెలుగు మెరసి, అయిదు నిమిషములలో మాయమయ్యెను. మరునాటికే భూమిపై అయస్కాంత తుపాను చెలరేగెను. ఐరోపా, అమెరికా దేశములలో తంతి యంత్రములు పెక్కు స్తంభించెను. ఆ వేళ బొంబాయిలోని కొలాబా వేధశాలవారు అయస్కాంత సూచికల కదలికను ఓపికతో పట్టికలలో వ్రాసి యుంచిరి. 144 సంవత్సరముల పిమ్మట, 2003లో, ఆ పట్టికలే తుపాను తీవ్రతను లెక్కించుటకు శాస్త్రజ్ఞులకు ఆధారమయ్యెను. వాని నెవరైన దాచియుంచినను, పారవేసినను ఆ జ్ఞానము లోకమునకు దక్కెడిది కాదు.

సూర్యుని నుండి విద్యుదావేశము గల కణములు ఎడతెగక వెలువడుచుండును. అవి ఉద్ధృతమైనపుడు కృత్రిమోపగ్రహములకును, రేడియో వార్తలకును, విద్యుత్తు సరఫరాకును హాని కలుగును. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున ఇంచుమించు 60 లక్షల జనులు తొమ్మిది గంటలకాలము విద్యుత్తు లేక యిడుమలు పడిరి.

ఇట్టి తుపానుల నెరుగుటకు ఒక దేశపు లెక్కలు చాలవు. ఒకచోట ప్రొద్దు గ్రుంకినపుడు వేరొకచోట పొడుచును. అందుచేతనే 1957–58 సంవత్సరములలో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున అరువదికి పైగా దేశములు కలసి పనిచేసెను. లెక్కల ప్రతులను భద్రపరచుటకు ప్రపంచ దత్తాంశ కేంద్రములు ఏర్పడెను. అమెరికా, సోవియట్ రష్యాలు పరస్పరము అనుమానించుకొను దినములవి. అయినను ఆ రెండు దేశములును చెరియొక కేంద్రమును నడపెను. ఒకచోట ప్రమాదము సంభవించినను మరియొకచోట ప్రతి నిలిచియుండవలెనని పెద్దలు తలచిరి.

శ్రమించి కొలిచినవారికే ఫలము దక్కవలెనని కొందరు వాదింతురు. అందు న్యాయము లేకపోలేదు. వారికి మొదట కొంత గడువిచ్చుటయు, వారి పేరు చెప్పుటయు ధర్మము. కాని గడువు తీరిన పిదపను దాచుట ధర్మము కాదు. ప్రజల ధనముతో కొలిచినది ప్రజలకు చేరవలెను.

నేడీ పని సులభమైనది. కొడైకెనాల్ వేధశాలలో 1904 నుండి తీసిన సూర్యుని ఛాయాచిత్రములు కంప్యూటరు ప్రతులుగా అందరికిని లభించుచున్నవి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య–ఎల్1 పంపిన సమాచారమును భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2025 జనవరిలో విడుదల చేయ మొదలిడెను. ఎవరి భాండాగారము వారియొద్దనే యుండవచ్చును. కాని వాని తలుపులు తెరచి యుండవలెను, వ్రాత పద్ధతి ఒక్కటి కావలెను. ఏ యంత్రముతో, ఏ గడియలో, ఎచ్చట కొలిచిరో తెలుపని అంకెలు ఎన్ని యున్నను నిరుపయోగములు.

పాఠశాలలో వర్షమును కొలుచు బాలుడు సయితము తేదీ, వేళ, స్థలము తప్పక వ్రాయవలెను. ఆ పుస్తకము రేపు ఎవరికి అక్కరకు వచ్చునో ఎవరెరుగుదురు? కొలాబాలో పట్టికలు వ్రాసినవారును ఎరుగరు.