రెక్క ఆగాక మొదలయ్యే పని

మన విజయపురి సౌత్ నుంచి మాచర్ల దాకా, అటు దుర్గి, రెంటచింతల వైపు కూడా, సీజన్ వచ్చిందంటే చేల మీద డ్రోన్ల మోత వినపడుతూనే ఉంది. ఒక్కో డ్రోన్ పది లీటర్ల ట్యాంకుతో లేచి, ఎకరం మిరపకి పది నిమిషాల్లోపే మందు కొట్టి దిగిపోతోంది. చూసేవాళ్లంతా ఎగరేసే కుర్రాణ్ణో, ఆ అమ్మాయినో మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవాల్సిందే. అయితే ఇవాళ మన ముచ్చట ఆ మిషను దిగాక జరగాల్సిన పని గురించి. మా ఊళ్లో డ్రోన్ కొన్నామని చెప్పేవాళ్లు చాలామందే కనపడుతున్నారుగానీ, సాయంత్రం పూట దాన్ని ఎవరు కడుగుతున్నారంటే మాత్రం మాట తడబడుతోంది.

రిమోట్‌తో నడిచే మిషను పొలం మీదికి రావడం కొత్తేం కాదండీ. జపాన్‌లో యమహావాళ్లు 1987లోనే మందు కొట్టడానికి ఆర్-50 అనే చిన్న హెలికాప్టర్ తెచ్చారు. 1997లో ఆర్-మ్యాక్స్ వచ్చింది. అక్కడి వరి చేల మీద అవే తిరిగాయి. హెలికాప్టరంటే, సరదాకి ఎగరేసే బుల్లి మోడల్‌ అయినా సరే, అరిగే భాగాలు ఎక్కువ. పైన పెద్ద రెక్క, వెనక తోక రెక్క, పళ్ల చక్రాలు, బెల్టు, బేరింగులు, రెక్క వాలు మార్చే సన్న సన్న లింకులు. ఒక్క లింకు వదులైందంటే వణుకు పుడుతుంది. ఆ వణుకు పక్కనున్న బేరింగునీ, స్క్రూనీ అరగదీస్తుంది. అందుకే దాన్ని రోజూ ఎగరేసేవాళ్లు అది చెడిందాకా ఆగరు. ఎన్ని గంటలు ఎగిరిందో రాసుకుని, లెక్క నిండగానే ఆ భాగం మార్చేస్తారు.

మన డ్రోన్‌కి తోకా లేదు, గేర్లూ లేవు. నాలుగో ఆరో మోటార్లు, వాటికి రెక్కలు, అంతే. దాంతో దీనికి చేసేదేముందిలే అనుకుంటారు. సరదా మోడల్‌కి లేని బాధలు దీనికున్నాయి మరి. రోజంతా మందు మోస్తుంది, నల్లరేగడి దుమ్ములో దిగుతుంది, రెంటచింతల ఎండలో పనిచేస్తుంది. ఆ ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే.

మొదట నాజిల్ చూడండి. మందు కలిపే నీళ్లు కాలువవైతే బురద, బోరువైతే ఉప్పు. గుడ్డలో వడకట్టకుండా పోశారంటే ఆ బురద ఫిల్టర్ జాలీకి పట్టేస్తుంది, నాజిల్ సగం మూసుకుపోతుంది. పైనుంచి చూస్తే అన్నీ కొడుతున్నట్టే ఉంటుంది. కింద ఒక సాలుకి మందే పడదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతని ఎలా పీల్చేసిందో మన రైతులు మర్చిపోలేదు. తడవని సాలులో పురుగు బతికే ఉంటుంది. అందుకని పొద్దున మొదటి ఎగురుడుకి ముందే ఉత్త నీళ్లు పోసి, మిషను నేలమీద ఉండగానే పంపు ఆడించి, ప్రతి నాజిల్ నుంచీ ధార ఒకేలా విచ్చుకుంటోందా చూడాలి. మూసుకుపోతే విప్పి, నీళ్లలో నానేసి, మెత్తటి టూత్ బ్రష్‌తో రుద్దండి. పిన్నీసు పెట్టి పొడిచారా, ఆ రంధ్రం ఆకారం పోతుంది, ఇక ఆ నాజిల్ పనికిరాదు. నోటితో ఊదడం అసలే వద్దు, అది పురుగుమందు.

ట్యాంకు కడగడం అంతకన్నా ముఖ్యం. కాలువ కింద వరిలో 2,4-డి కలుపుమందు కొట్టి, అదే ట్యాంకుతో పక్క పత్తిలోకి వెళ్లారనుకోండి. పత్తికి ఆ మందు కొంచెం తగిలినా చాలు, ఆకులు ముడుచుకుపోయి ఎదుగుదల ఆగిపోతుంది. అడుగున మిగిలిన తడి, గొట్టాల్లో నిలిచిన మందు, అదే చేస్తుంది ఈ పని. మూడుసార్లు మంచి నీళ్లు పోసి, ప్రతిసారీ పంపు ఆడించి నాజిళ్ల గుండా బయటికి పంపాలి. వీలైతే కలుపుమందుకి వేరే ట్యాంకు పెట్టేసుకోండి.

ఇక మోటార్లు, రెక్కలు. బ్యాటరీ తీసేశాకే చెయ్యి పెట్టండి, ఈ ఒక్క మాట మాత్రం తప్పొద్దు. తడిగుడ్డతో రెక్క తుడిచి, అంచు మీద గోరుతో మెల్లగా రాయండి. కంటికి కనపడని నెర్రె గోటికి తగులుతుంది. తగిలితే ఆ రెక్క మార్చేయాల్సిందే, జిగురు పెట్టి నడపొద్దు. మోటారుని వేళ్లతో తిప్పితే అన్నీ ఒకేలా తిరగాలి. ఏదన్నా గరగరమంటే బేరింగులోకి దుమ్ము పోయినట్టే. చేతులు మడిచే దగ్గరా, మోటారు దగ్గరా ఉన్న స్క్రూలు బిగించాక, స్క్రూ తల మీద నుంచి పక్క బాడీ మీదకి పెయింటుతో సన్నటి గీత ఒకటి గీయండి. రేపు చూసేసరికి గీత రెండుగా విడిపోయిందంటే స్క్రూ తిరిగిందని అర్థం. ఒక్క చూపుతో తెలిసిపోతుంది. ప్రెషర్ పైపు పెట్టి మాత్రం కడగొద్దు, నీళ్లు సర్క్యూట్లోకి వెళ్తాయి.

బ్యాటరీల దగ్గర తొందర పనికిరాదు. దిగగానే కాలిపోతున్న బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కి పెట్టొద్దు, నీడన చల్లారనివ్వాలి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. పని లేని రోజుల్లో నిండుగా గానీ, పూర్తిగా ఖాళీగా గానీ వదలకుండా, 3.8 దగ్గర ఉంచి దాచాలి. ఉబ్బిన బ్యాటరీ ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయాలి, అది అంటుకుంటే ఆర్పడం కష్టం. మన పల్నాట్లో నాపరాళ్లకి కరువు లేదు కదా, ఆ బండల మీదే పెట్టి చార్జ్ చేయండి. మంచం కింద, బట్టల పక్కన వద్దు. పక్కనే ఓ బకెట్టు ఇసుక ఉంచండి. ప్రతి బ్యాటరీకీ నంబరు రాసి, ఎన్నిసార్లు ఎక్కించారో నోట్‌బుక్కులో రాసుకోండి.

మా విజయపురి సౌత్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. నాగార్జునసాగర్ కుడికాలువ మొదలయ్యేది మన దగ్గరే. ఇక్కడ వదిలిన నీళ్లు పల్నాడు, గుంటూరు, ప్రకాశం దాకా పోతాయి. దారిలో ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది వీటితోనే. డ్రోన్‌ని, ట్యాంకుని కాలువలో ముంచి కడగడమంటే కింది ఊళ్లవాళ్లు తాగే నీళ్లలో మందు కలపడమే. కడిగిన నీళ్లు మళ్లీ అదే చేలో, బావికీ కాలువకీ దూరంగా పోయండి.

ఇదంతా పైలట్ ఒక్కడే చెయ్యాలా అంటే, అక్కర్లేదు. నమో డ్రోన్ దీదీ పథకం కింద పొదుపు సంఘాలకి డ్రోన్ ఖరీదులో 80 శాతం దాకా, గరిష్ఠంగా 8 లక్షలు కేంద్రం ఇస్తుందని తెలిసిందే. ఆ పథకంలోనే పైలట్‌కి 15 రోజుల శిక్షణ పెట్టి, సంఘం మహిళల కుటుంబాల నుంచి రిపేర్ల మీద ఆసక్తి ఉన్న మరొకరికి సహాయకుడిగా 5 రోజుల శిక్షణ కూడా పెట్టారు. అంటే మిషనుకి ఇద్దరు కావాలని ముందే అనుకున్నారన్నమాట. ఆ రెండో మనిషిని ఊరికే నీళ్లు అందించేవాడిలా చూడొద్దు. ఎకరం రేటు కట్టేటప్పుడే వాళ్ల కూలీ, రెక్కల ఖర్చు, నాజిళ్ల ఖర్చు కలిపి కట్టండి. రైతన్నలూ, మీరు కూడా పది రూపాయలు తగ్గించమని బేరమాడే ముందు, నాజిల్ ఆడించి చూపించమని అడగండి, ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగండి, నోట్‌బుక్కు చూపించమనండి. చూపించినవాళ్లకే మీ చేను అప్పజెప్పండి.