ఆకుపచ్చ చుక్కతో సరిపెట్టుకుందామా?

మన ఇళ్లలో పెరుగు గిన్నె పక్కన కొంతకాలంగా మరో వస్తువు చేరింది. స్ట్రాబెర్రీ, మామిడి, బ్లూబెర్రీ రుచుల్లో చిన్న కప్పులు, వాటి మీద పెద్ద అక్షరాలతో ‘ప్రోబయోటిక్’ అన్న మాట. కడుపుకు మంచిదని నమ్మి తల్లులు వీటిని పిల్లల టిఫిన్ డబ్బాల్లో పెడుతున్నారు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీదకూ ఇవి వస్తున్నాయి. వీటి గురించి మన వాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో జెలటిన్ ఉందా?

అడగవలసిన ప్రశ్నే అది. జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. అది పందిది కూడా కావచ్చు. మన దేశంలో శాకాహార గుర్తయిన ఆకుపచ్చ చుక్క ఉన్న కప్పులో జెలటిన్ ఉండకూడదు. ఎర్ర రంగు కోసం కొచినీల్ పురుగు నుంచి తీసే కార్మైన్ (ఇ 120) కూడా ఉండకూడదు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ చుక్క పెట్టాలన్న నిబంధన లేదు, జెలటిన్ కలిపిన యోగర్ట్‌లు మామూలుగానే అమ్ముతారు. కాబట్టి వారు పదార్థాల జాబితా చదివి తీరాలి.

కానీ మన విచారణ అక్కడితో ఆగిపోతోంది. బఖరా సూరా 168వ ఆయత్‌లో ‘హలాల్’ ఒంటరిగా రాలేదు, ‘తయ్యిబ్’ను వెంటబెట్టుకుని వచ్చింది. అంటే ధర్మసమ్మతమైతే చాలదు, ఆహారం మంచిదై, పరిశుద్ధమైనదై ఉండాలి. ఆ పిలుపు విశ్వాసులకే కాదు, సమస్త మానవాళికి. చుక్క గానీ హలాల్ ముద్ర గానీ ఈ రెండో మాటకు జవాబు చెప్పవు.

ఆ జవాబు కప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. తియ్యదనం కలపని 100 గ్రాముల పెరుగులో పాల నుంచి సహజంగా వచ్చే చక్కెర 4, 5 గ్రాములు. రుచులు కలిపిన వాటిలో మొత్తం చక్కెర తరచు 12 నుంచి 15 గ్రాముల దాకా ఉంటుంది. తేడా సుమారు రెండు చెంచాల పంచదార! మన దేశంలో 2021 నాటికి 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తెలిపింది. చక్కెర జబ్బు లేని చుట్టాల ఇల్లు మనలో ఎవరికి ఉంది? మన దేశపు లేబుల్‌లో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస విడిగా ఉంటుంది. కొనే ముందు చూడవలసింది దాన్ని.

ఇక ప్రోబయోటిక్ సంగతి. తగినంత సంఖ్యలో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. అందులో ‘సజీవ’ అన్న మాట ముఖ్యం. తోడుకున్న తరువాత మళ్లీ వేడి చేసి నిల్వ ఉంచే రకాల్లో అవి చాలావరకు చచ్చిపోతాయి. ‘యోగర్ట్ పూత’ వేసిన బిస్కెట్లు, ఎండు ద్రాక్షల సంగతి మరీ విచిత్రం. ఆ పూతలో ప్రధానంగా ఉండేవి చక్కెర, నూనె. పెరుగు పొడి పేరుకు మాత్రమే. నిజంగా సజీవ సూక్ష్మజీవులున్న కప్పులు కూడా ఉన్నాయి, కాదనం. అయినా మేలు ఏ రకం సూక్ష్మజీవి, ఎంత సంఖ్యలో అన్న దాని మీద ఆధారపడుతుంది. పాల చక్కెర అరగని వారికి సజీవ యోగర్ట్ తోడ్పడుతుందన్న మాటను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో అంగీకరించింది. ఆ మేలు చక్కెర కలపని మామూలు యోగర్ట్‌తోనూ కలుగుతుంది.

మేము ఈ కప్పులను హరామ్ అనడం లేదు. అలా అనే హక్కు మాకు లేదు. కూల్‌డ్రింక్ కన్నా ఇది నయమే, ఇందులో మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి. దీన్ని మిఠాయిగా ఎంచి ఎప్పుడో ఒకసారి తింటే పేచీ లేదు. రోజూ మందులా తినిపించడంతోనే మా పేచీ.

రంజాన్‌లో ఇవి పంచాలనుకునే మస్జిద్ కమిటీలకు ఒక సూచన. ముందు రోజు ఇషా తరువాత గోరువెచ్చని పాలలో తోడు వేసి ఉంచండి. సహరీ వేళకు తోడుకున్న పెరుగును చల్లని చోట పెట్టి, మగ్రిబ్‌కు ముందు గింజలు తీసిన ఖర్జూరాలు, అరటిపండు ముక్కలు కలపండి. పంచదార డబ్బా తీయనక్కర లేదు. తోడుకు కావలసిన చెంచాడు పెరుగు పక్కింట్లో అడిగినా ఇస్తారు.