తొట్టె చేపను చెరువులో వదలకండి

చెరువులు నిండి అలుగులు పారే కాలమిది. అక్వేరియం ఉన్న ప్రతి ఇంటికీ ఈ సమయంలోనే ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ తొట్టెలో అద్దానికి నోరానించి అతుక్కుని ఉండే సక్కర్ ఫిష్‌ను చెరువులో గానీ, కాలువలో గానీ, నదిలో గానీ వదలకండి. పెద్దదైపోయి చోటు చాలడం లేదని వదలకండి. ఇల్లు మారుతున్నామని వదలకండి. పోనీలే పాపం, హాయిగా బతుకుతుందన్న జాలితో అసలే వదలకండి. అది నిజంగానే బతుకుతుంది. ముప్పంతా అందులోనే ఉంది.

ఈ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా. శాస్త్రవేత్తలు టెరిగోప్లిక్తిస్ అనే ఈ క్యాట్‌ఫిష్ జాతి అక్వేరియం వ్యాపారం పుణ్యమా అని ఖండాలు దాటింది. షాపువాళ్లు సక్కర్, ప్లెకో, ట్యాంక్ క్లీనర్ అంటారు. వల చింపుకున్న జాలర్లు దెయ్యం చేప అంటారు. నీటిలో కలిసి ఉండే డీఎన్ఏ జాడలను బట్టి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, తూర్పు కనుమల ప్రాంతపు నీటి వనరుల్లో దాదాపు 60 శాతానికి ఇది పాకినట్టు తేలింది. 2020లో వారణాసి దగ్గర గంగలో వలకు చిక్కింది. కోల్‌కతా తూర్పున ఉన్న చిత్తడి నేలల్లోకీ చేరింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేపల చెరువులు సాగుచేసే రైతులకు దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఇవేవీ సముద్రం ఈదుకుంటూ రాలేదు. కొన్ని పెంపక కేంద్రాల నుంచి తప్పించుకున్నాయి. మరికొన్నింటిని మనమే కవర్లో పోసి తీసుకెళ్లి వదిలాం.

పొరపాటు చెరువు గట్టు మీద మొదలు కావడం లేదు, కొనేచోటే మొదలవుతోంది. షాపులో సక్కర్ పిల్ల రెండంగుళాలే ఉంటుంది. ధర ఓ ప్లేటు ఇడ్లీకి అటూఇటూ. ‘‘ఇదొకటి వేసుకోండి సార్, పాచంతా తినేస్తుంది, తొట్టె కడిగే పనే ఉండదు’’ అంటాడు అమ్మేవాడు. ఇందులో సగమే నిజం. పిల్లగా ఉన్నప్పుడు పాచి గీకి తింటుంది. తిన్నదంతా మళ్లీ ఆ నీళ్లలోకే విసర్జిస్తుంది. పెరిగేకొద్దీ పాచి మీద మోజు తగ్గి, ఆకలి పెరుగుతుంది. రాత్రిళ్లు గోల్డ్‌ఫిష్, డిస్కస్ లాంటి నెమ్మది చేపల ఒంటికి అతుక్కుని జిగురు పొర గీకేస్తుంది. అడుగు దాటి, అడుగున్నర దాకా పెరుగుతుంది. పదేళ్లకు పైగా బతుకుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండడుగుల తొట్లు. అలాంటి తొట్టె వెడల్పు, ఎత్తు ఒక్కో అడుగైతే అంచుదాకా నింపినా 57 లీటర్లు పట్టవు. ఎదిగిన సక్కర్‌కు అందులో వెనక్కి తిరగడమే కష్టం.

ఇదొక్కటే కాదు. చిన్నపిల్లలు ముచ్చటపడి కొనిపించే వెండిరంగు ‘షార్క్’ అసలు షార్కే కాదు. కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో మేతవేసి టన్నులకొద్దీ పెంచే పంగాస్ అదే. మీటరు దాటి పెరిగే చేపను గాజుపెట్టెలో పెట్టుకోమని అమ్ముతున్నారు. ఎర్రతోకతో అందంగా కనిపించే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌దీ అదే కథ. నోట్లో పట్టే ప్రతి చేపనూ అది మింగేస్తుంది. వేలెడు పిల్లను చూపించి, ఎదిగాక ఎంతవుతుందో చెప్పకుండా అమ్మడం వ్యాపారం కాదు, మోసం.

ఇంట్లో పెంచదగిన క్యాట్‌ఫిష్ జాతులు లేవా అంటే, ఉన్నాయి. రెండు మూడంగుళాలకు మించని కోరిడోరస్, నాలుగైదు అంగుళాల దగ్గర ఆగిపోయే బ్రిసల్‌నోజ్ ప్లెకో మంచి చేపలు. వీటిని ఇళ్లలోనే పొదిగించి, పిల్లల్ని ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే పెంపకందార్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. చెన్నై కొళత్తూరు లాంటి పెద్ద కేంద్రాల నుంచి కూడా బస్సుల్లో పార్సిళ్లు వస్తుంటాయి. ఈ చేపలు మాత్రం కొన్నవాళ్ల చేతుల్లో వారం తిరక్కుండానే చచ్చిపోతున్నాయి. తొట్టెలో బతకాల్సినవి చస్తున్నాయి, చెరువులో ఉండకూడనివి బతికి పిల్లల్ని పెడుతున్నాయి. చేప గురించి తెలుసుకోకుండా కొనడమే ఈ రెంటికీ మూలం. కోరిడోరస్ చస్తే విసుగొచ్చి, ఏం చేసినా చావని సక్కర్‌ను తెచ్చుకునేవాళ్లు ఎందరో. ఆ సక్కరే చివరికి చెరువుకు చేరుతోంది. అందుకే మంచి చేపలు ఎందుకు చస్తున్నాయో కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

మొదటి కారణం కొత్త తొట్టె. పొద్దున నీళ్లు నింపి సాయంత్రం చేపలు వేస్తే అవి వదిలే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా అందులో ఇంకా ఉండదు. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా నీళ్లు అద్దంలా మెరుస్తున్నా చేపకు విషమే. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని పోగొట్టకుండా నీళ్లు మారిస్తే చేప మొప్పలతో పాటు ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది.

రెండోది ప్రయాణం. గంటలకొద్దీ సంచిలో ఉన్న చేప అమ్మోనియానూ, కార్బన్ డయాక్సైడ్‌నూ ఆ నీళ్లలోకే వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఉన్నంతసేపు నీరు కొంత ఆమ్లంగా ఉండి అమ్మోనియా తీవ్రతను తగ్గిస్తుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, అమ్మోనియా అసలు విషం బయటపడుతుంది. కాబట్టి సంచి విప్పిపెట్టి గంటలసేపు చుక్కచుక్కగా నీళ్లు కలపడం మేలు చేయబోయి కీడు చేయడమే. కట్టిన సంచిని కట్టినట్టే పదిహేను ఇరవై నిమిషాలు తొట్టెలో తేలనివ్వండి. విప్పాక ఆలస్యం చేయకుండా చేపను మాత్రమే చిన్న గిన్నెతో తీసి వదలండి, సంచి నీళ్లు తొట్టెలో పోయకండి. వల వాడితే మన జెల్లలకున్నట్టే వీటి రెక్కలకూ ఉండే ముళ్లు అందులో చిక్కుకుని విరుగుతాయి. ఆ ముళ్లతో సంచికి చిల్లు పడటం కూడా మామూలే. పంపేవారు రెండు పొరల సంచి వాడకపోతే, పంపే ముందు ఒకరోజు మేత ఆపకపోతే, వాళ్ల దగ్గర రెండోసారి కొనకండి.

మూడోది మందులు. క్యాట్‌ఫిష్‌లలో చాలావాటికి మామూలు చేపలకుండే పొలుసులు ఉండవు. తెల్లచుక్కల జబ్బు రాగానే షాపువాడిచ్చిన నీలిరంగు మందు సీసా మీద రాసిన మోతాదంతా పోస్తే, జబ్బు కన్నా ముందు మందే చంపవచ్చు. రాగి కలిసిన మందులతో మరింత జాగ్రత్త అవసరం. అసలు కొత్త చేపను నేరుగా పాత చేపల మధ్య వదలకుండా మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచి గమనిస్తే ఈ అవస్థే రాదు. ఎండాకాలం నీటి వేడి మరో శత్రువు. చాలా కోరిడోరస్ రకాలకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి. మన మే నెలలో తొట్టె నీళ్లు 30 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ తెప్పించుకోకపోవడమే తెలివి.

ఇంట్లో చేప చస్తే పోయేది మన డబ్బు, ఆ చేప ప్రాణం. చెరువులో వదిలిన సక్కర్ వల్ల పోయేది ఇతరుల బతుకుతెరువు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు, అక్కణ్నుంచి వాగుకు, వాగు నుంచి నదికి పోతాయి. హుస్సేన్ సాగర్ మిగులు నీరు మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్‌లో వదిలిన చేప సంతతి కిందికి ఎంతదూరమైనా పోగలదు. దీన్ని ఆపే శత్రువు మన నీళ్లలో లేదు. ఒళ్లంతా ఎముక పలకల కవచం, రెక్కల్లో గట్టి ముళ్లు ఉన్న ఈ చేపను మింగడం కొంగకూ కష్టమే, వాలుగకూ కష్టమే. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి, పొట్టతోనే పీల్చుకుంటుంది. తడి ఉంటే చాలు, నీళ్ల బయట గంటల తరబడి ప్రాణాలతో ఉంటుంది. మురుగు చేరిన చెరువులో ఇతర చేపలు తేలిపోతుంటే ఇది నిక్షేపంగా ఉంటుంది.

గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మీటరు లోతు దాకా వెళ్లే ఆ సొరంగాల్లో మగచేప కాపలా ఉంటుంది. వరసగా బొరియలు పడ్డ గట్టు మట్టి జారుతుంది. చెరువు ఎండగట్టినా తడి ఆరని బొరియల్లో దాక్కుని మళ్లీ నీళ్లు రాగానే బయటికొస్తుంది. బొచ్చె, శీలావతి పిల్లలకు వేసిన మేత తినేస్తుంది. వలలో పడితే ముళ్లు చిక్కుకుని నైలాన్ దారాలు తెగిపోతాయి. వల కొన్న అప్పు తీరకముందే వల చిరిగితే, పట్టిన చేపకు బజారులో గిరాకీ లేకపోతే, జాలరికి మిగిలేది రెండు వైపులా నష్టమే. మెక్సికోలో ఇన్ఫియర్నీయో జలాశయం ఒకప్పుడు తిలాపియా వేటకు పేరుమోసినది. ఈ చేప చొరబడ్డాక అక్కడ వలల నిండా ఇవే పడసాగాయి, వేటమీద బతికే కుటుంబాలు కుదేలయ్యాయి. మన జలాశయాలకు ఆ గతి పట్టేదాకా చూస్తూ కూర్చోవాలా?

ఇప్పటికే ఇంట్లో పెద్ద సక్కర్ ఉన్నవాళ్లు ముందు కొన్న షాపునే అడగండి, వెనక్కి తీసుకోమని గట్టిగా చెప్పండి. పెద్ద తొట్టె ఉన్న పెంపకందారు ఎవరైనా తీసుకుంటారేమో చూడండి. ఎవరూ ముందుకు రాకపోతే, చెప్పడానికి కష్టమైన మాటే అయినా, బాధ తెలియకుండా ప్రాణం తీసి పాతిపెట్టడమే మిగిలిన దారి. పశువైద్యుడి సలహాతో లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తెక్కించి ఆ పని చేస్తారు. బతికున్న సక్కర్‌ను టాయిలెట్‌లో పోయడం, మురుగుకాలువలో వదలడం కూడా చెరువులో వదలడంతో సమానమే. వలలో పడ్డవాటిని జాలర్లు విసుగుతో తిరిగి నీళ్లలోకి విసరకూడదు. గట్టు మీద పడేసినా పాక్కుంటూ నీళ్లు చేరగలవు. దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి.

పెంపకందార్లూ ఆలోచించుకోవాలి. అమ్ముడుపోని సరుకును, రంగు కుదరని పిల్లల్ని పక్కనున్న కాలువలో దులిపేయడం నేరంగానే చూడాలి. నీళ్లు బయటికి పోయే ప్రతి గొట్టానికీ సన్నని జాలీ ఉండాలి, వరద నీరు చేరే పల్లంలో తొట్లు కట్టకూడదు. బ్రిసల్‌నోజ్ పొదిగించడం తెలిసినవాడికి సక్కర్ అమ్మాల్సిన అవసరమేమీ లేదు.

ప్రభుత్వాల నిర్లక్ష్యం అన్నిటికన్నా ఖరీదైనది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాటుమాటు చెరువులు బయటపడుతూనే ఉన్నాయి, అధికారులు ధ్వంసం చేస్తూనే ఉన్నారు. ఒకసారి వ్యాపించిన చేపను తర్వాత నిషేధించడం ఎంత కష్టమో చెప్పడానికి ఈ అనుభవం చాలు. సక్కర్ జాతి పెంపకం, అమ్మకం, రవాణాలను బంగ్లాదేశ్ 2023లో నిషేధించింది. పొరుగు దేశం చేసిన పని మనం ఎందుకు చేయలేం? నిషేధంతో పాటు ప్రతి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో, వద్దనుకున్న అక్వేరియం చేపల్ని ప్రశ్నలు వేయకుండా తీసుకునే ఏర్పాటు ఉండాలి. అది లేకుండా నిషేధం ఒక్కటే వస్తే, భయపడినవాళ్లు రాత్రికి రాత్రే చేపలన్నీ చెరువుల్లో కుమ్మరిస్తారు. అమ్మే ప్రతి చేపకూ దాని శాస్త్రీయ నామం, ఎదిగినప్పటి పొడవు, కావాల్సిన తొట్టె కొలత రాసిన చీటీ తప్పనిసరి చేయాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేకుండా కొనేవాడి చేతిలో ఒక పని ఉంది. డబ్బులిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ చేప ఎదిగితే ఎంత పొడవుంటుంది? ఎన్నేళ్లు బతుకుతుంది? పెంచలేకపోతే మీరు వెనక్కి తీసుకుంటారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని మనిషి దగ్గర ఏ చేపనూ కొనకండి. ఇప్పటికే కొన్నది ఇంట్లో ఉంటే, ఇది మళ్లీ చెబుతున్న మాట: ఏం చేసినా చేయండి కానీ, దాన్ని చెరువుకు మాత్రం తీసుకెళ్లకండి.