రాష్ట్రాల గీత ఎవరికి లాభం?

బీటీ పత్తి గింజల పొట్లం చింపిన చేతికి మోన్‌శాంటో పేరు కొత్త కాదు. 1901లో ఆ కంపెనీ పుట్టిన ఊరు అమెరికాలోని సెయింట్ లూయిస్. 2018లో బేయర్ కంపెనీ దాన్ని కొనేసింది. అయినా ఆ ఊరి కథ మన కూలీలు తెలుసుకోవాల్సిందే.

మిసిసిపి నదికి పడమట మిస్సోరి రాష్ట్రం, తూర్పున ఇల్లినాయిస్ రాష్ట్రం. నగరం పడమటి గట్టున ఉంది. చుట్టూ అల్లుకున్న ఊళ్ళన్నీ కలిపితే 2020 లెక్కల్లో 28 లక్షల జనం. అందులో సుమారు నాలుగోవంతు తూర్పు గట్టున ఉంటారు. 1874 నుంచీ నది మీద వంతెన ఉంది. పొద్దున్నే పనికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయేవాళ్ళు ఎందరో. బతుకు ఒకటే. చట్టాలు, పన్నులు, కూలి రేట్లు మాత్రం రెండు!

ఈ గీత ఎవరికి పనికొచ్చింది? 1926లో తూర్పు గట్టున తన ఫ్యాక్టరీ కోసం ఏకంగా ఒక గ్రామాన్నే పుట్టించుకుంది కంపెనీ. దాని పేరూ మోన్‌శాంటోయే! 1967లో సోజే అని మార్చారు. 2020లో అక్కడ రెండు వందల మంది కూడా లేరు. మనుషులు లేని గ్రామం దేనికయ్యా? పన్నులూ కట్టుబాట్లూ తన చేతిలో ఉంచుకోవడానికి! ఆఫీసు పడమటి గట్టున, పొగా విషమూ తూర్పు గట్టున. పక్కనే ఉన్న ఈస్ట్ సెయింట్ లూయిస్ పట్టణానికి ఆ పన్ను దక్కలేదు. తరువాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తెల్లవాళ్ళు శివార్లకు తరలిపోయారు. 1950లో 82 వేలున్న జనం 2020 నాటికి 18 వేలకు పడిపోయింది. మిగిలినవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా నల్లజాతివాళ్ళే.

ఆ పట్టణంలోనే 1917లో అల్యూమినియం ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె కట్టారు. యజమానులు నల్లజాతి కూలీలను అడ్డం పెట్టుకున్నారు. తెల్ల కార్మికుడి కోపం యజమాని గేటు దాకా పోలేదు, పక్క కూలీ గుడిసె మీద పడింది. జులై 2న ఇళ్ళు తగలబెట్టారు. సర్కారు లెక్కలోనే 39 మంది నల్లవాళ్ళు, 9 మంది తెల్లవాళ్ళు చచ్చారు. వేలమంది పిల్లాజెల్లాతో వంతెన దాటి పారిపోయారు. గెలిచిందెవరు? కూలీ మాత్రం కాదు.

గీత ఆట ఇంకా ఆగలేదు. 2017 మే నెలలో సెయింట్ లూయిస్ నగరం కనీస కూలి గంటకు 10 డాలర్లు చేసింది. నగరాలకు ఆ హక్కు లేదని మిస్సోరి రాష్ట్రం చట్టం తెచ్చింది. ఆగస్టు చివర మళ్ళీ 7 డాలర్ల 70 సెంట్లే! నది అవతల అప్పుడు 8 డాలర్ల 25 సెంట్లు. అయితే జనం ఊరుకోలేదు. 2018 నవంబరులో రాష్ట్రమంతటా ఓటింగు పెట్టించి, 2023 నాటికి 12 డాలర్లు చేయాలన్న చట్టం గెలుచుకున్నారు. ఒక్క నగరం చేతిలోంచి లాక్కున్నదాన్ని రాష్ట్రమంతా కలిసి తిరిగి తెచ్చుకుంది.

2014లో కృష్ణ మీద మనకూ ఒక గీత పడింది. మిరప కోతకు, పత్తి తీతకు అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ వస్తూనే ఉన్నాం. 'వాళ్ళొచ్చి మీ రేటు చెడగొట్టారు' అని ఆసామి అన్న రోజున ఈస్ట్ సెయింట్ లూయిస్ గుర్తు తెచ్చుకోండి. వచ్చిన ముఠాతో తగువు పడకండి. రేటు ఇద్దరికీ ఒకటే అని, ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.